రహీం మాస్టారి ఫుట్‌బాలూ, మన డిగ్రీలూ

2024లో తెలంగాణ ప్రభుత్వం క్రికెటర్ మహమ్మద్ సిరాజ్‌కీ, బాక్సర్ నిఖత్ జరీన్‌కీ డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. డీఎస్పీ అంటే గ్రూప్-1 పోస్టు, దానికి డిగ్రీ ఉండాలి. సిరాజ్ చదివింది ఇంటర్. అందుకని చదువు నిబంధన సడలించారు. ఆ వారమంతా మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర ఒకటే రభస. గ్రూప్స్‌కి మూడేళ్ళు ప్రిపేరై, చివరికి టెస్టింగులో సెటిలైన ఒకాయన ఉన్నాడు. "మరి మా చదువుకి విలువేంటండీ?" అని ఆయన ఆవేశం. "టెస్టు మ్యాచిలో ఐదు వికెట్లు తియ్యి గురూ, నీక్కూడా ఏదో ఒకటి సడలిద్దాం" అని ఇంకొకాయన. నవ్వులు, మళ్ళీ వాదన, మళ్ళీ ఎవరి క్యూబికల్‌కి వాళ్ళు.

ఆ గొడవలో ఎవరూ అనని మాట ఒకటుంది. హైదరాబాదులో ఆటగాడికి పోలీసు ఉద్యోగం ఇవ్వడం కొత్త కాదు. ఒకప్పుడు ఈ ఊరు దేశంలోకెల్లా గొప్ప ఫుట్‌బాల్ టీముని తయారు చేసింది ఆ పద్ధతిలోనే. ఇంకో సంగతి, ఆటగాడి కోసం చదువు నియమాన్ని ఎంత వంచొచ్చు అన్న తగువు మీద అమెరికా యూనివర్సిటీలు వందేళ్ళకి పైగా కొట్టుకుంటున్నాయి. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తమాషాగా అనిపించింది. ఓపికుంటే చదవండి.

ముందు మన కథ. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన టీము హైదరాబాద్ సిటీ పోలీస్. వరుసగా ఐదేళ్ళు! ఆ 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా మోహన్ బగాన్ మీద గెలిచి తెచ్చారు. తరవాత 1954లో, 1957లో మళ్ళీ డ్యూరాండ్. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయ్యాక టీము పేరూ ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది, ఆ పేరుతో 1961లో ఇంకోసారి. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ పేరు మీద 1956-57, 1957-58 రెండు టైటిళ్ళు. ఇప్పుడు మన పిల్లలకి చెప్తే, ఫుట్‌బాల్లో హైదరాబాదా అని అనుమానంగా చూస్తారు.

ఈ టీము వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని ఇప్పుడు కొందరికైనా తెలుసు. సినిమాలో సహజంగానే కోచ్ మీద ఎక్కువ దృష్టి పెట్టారు. నాకు ఆసక్తి కలిగించింది ఆయన అసలు వృత్తి. ఆయన బడిపంతులు. ఉస్మానియాలో ఆర్ట్స్ డిగ్రీ చదివి, యూనివర్సిటీ టీముకి ఆడి, కాచిగూడ మిడిల్ స్కూల్లో, తరవాత దారుల్ ఉలూమ్ హైస్కూల్లాంటి చోట్ల పాఠాలు చెప్పాడు. ఆనక వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల మాస్టారయ్యాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. 1950 నుంచి పోలీసు టీముకీ, దేశం టీముకీ ఆయనే కోచ్. 1963లో చనిపోయేదాకా.

ఆయన పద్ధతులు చూస్తే పంతులుతనం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతి అందగానే పాస్ ఇచ్చెయ్యాలి, అంతే. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలన్న షరతుతో ఇంకో టోర్నమెంట్. మనకి లెక్కల మాస్టారు "క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి చెయ్యి" అనేవాడు చూడండి, అచ్చం అలాగ. వచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ చేయించడం కాకుండా, రానిదాన్ని వేరే తీసి దానికి విడిగా పరీక్ష పెట్టడం. (యూనిట్ టెస్టింగ్ అంటే ఏంటని ఫ్రెషర్లు అడిగితే నేను ఈ ఉదాహరణే చెప్తుంటాను, వాళ్ళు బుర్ర గోక్కుంటారు.)

ఫలితాలు మీకు తెలిసే ఉంటాయి. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీ ఫైనల్, మొత్తం మీద నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో అంతదూరం వెళ్ళిన మొదటి ఆసియా దేశం మనదే. ఆ టీములో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, ఇలా మన ఊరి వాళ్ళే ఎంతమందో. 1962 జకార్తాలో నిండిన స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియా మీద 2-1తో మళ్ళీ స్వర్ణం. అప్పటికే రహీం సాబ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. తొమ్మిది నెలలకి, 1963 జూన్‌లో పోయాడు.

సరే, ఇందులో చదువు సంగతేంటి అంటారా? అక్కడికే వస్తున్నా.

ఆ టీములో ఆడాలంటే పోలీసు శాఖలో ఉద్యోగంలో చేరాలి. అంటే నెల నెలా జీతం, ఆట అయిపోయాక కూడా కొలువు, చివర్లో పెన్షను. డిగ్రీ ఉందా అని అడిగినవాడు లేడు. ఆ పిల్లలెవరో, ఎక్కణ్ణించి వచ్చారో చూడండి. బలరాం సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ కుర్రాడు, ఇంట్లో పేదరికం. ప్రాక్టీసుకి రమ్మంటే అంత దూరం రావడానికి దారి లేదన్నాడట. సైకిలు అద్దెకి డబ్బులు రహీం సాబే ఇచ్చాడు. ఈ సంగతి బలరాం ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు.

1950 ప్రాంతంలో హైదరాబాద్ పరిస్థితి ఒకటి గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయింది. నిజాం సర్కారు పోయింది, సర్కారీ భాషగా ఉర్దూ పోయింది. ఉర్దూ మీడియం యూనివర్సిటీ అని 1918లో గొప్పగా పెట్టుకున్న ఉస్మానియా ఇంగ్లీషుకి మారింది. చాలామంది ముస్లిం ఉద్యోగుల కొలువులు ఊడాయి. పాతబస్తీ కుర్రాడి కోణం నుంచి చూడండి. నాన్న నమ్ముకున్న చదువుకి రాత్రికి రాత్రి మార్కెట్ లేకుండా పోయింది (కోబాల్ వాళ్ళకి కూడా ఇంత అన్యాయం జరగలేదు). కాలికింద బంతికి మాత్రం ఏ మార్పూ లేదు. సరిగ్గా ఆ ఐదేళ్ళలోనే ఆ టీము వరసపెట్టి గెలవడం కాకతాళీయం కాదని నా ఊహ. ఊహే సుమండీ, ఎవరైనా చరిత్ర చదివినవాళ్ళు కొట్టిపారేస్తే ఒప్పుకుంటాను.

ఇప్పుడు అమెరికా వైపు వెళ్దాం. మనలో ఎమ్మెస్‌కి వెళ్ళొచ్చినవాళ్ళకి ఆ దృశ్యం తెలుసు. సెప్టెంబరు వచ్చిందంటే శనివారం ఊళ్ళో ట్రాఫిక్ జాము, యూనివర్సిటీ స్టేడియంలో ఎనభై వేలమంది, లక్షమంది. మనం అసిస్టెంట్‌షిప్ కోసం ప్రొఫెసర్ల చుట్టూ తిరుగుతుంటే, ఆ ప్రొఫెసర్లందరికంటే జీతం ఎక్కువ తీసుకునేవాడు ఫుట్‌బాల్ కోచ్. (వాళ్ళ ఫుట్‌బాల్ వేరు లెండి. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో ఆడతారు.) అక్కడ ఆట యూనివర్సిటీలోనే పుట్టింది, అందుకని తగువూ అక్కడే పుట్టింది. 1905లో ఆటలో చావులు ఎక్కువైపోయి ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్వెల్ట్ స్వయంగా హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని పిలిచి మందలించాల్సొచ్చింది. ఆ ఊపులో పుట్టిందే ఇప్పటి ఎన్‌సీఏఏ. 1929లో కార్నెగీ ఫౌండేషన్ పెద్ద రిపోర్టు వేసి, ఆటగాళ్ళని కొనుక్కొస్తున్నారని బయటపెట్టింది. ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్న ఒకే ఒక్క పెద్ద యూనివర్సిటీ షికాగో. 1935లో మొట్టమొదటి హైస్మన్ ట్రోఫీ గెలిచిన ఆటగాడు జే బర్వాంగర్ షికాగో విద్యార్థే. అలాంటి చోట 1939లో ప్రెసిడెంట్ రాబర్ట్ హచిన్స్ ఫుట్‌బాల్ టీమునే ఎత్తేశాడు. ఆ ఏడాది మిషిగన్ చేతిలో 85-0తో ఓడారు కాబట్టి ఆపడం కొంచెం తేలికైంది అనుకోండి! ఖాళీ పడ్డ ఆ స్టేడియం స్టాండ్ల కింద 1942 డిసెంబరులో ఎన్‌రికో ఫెర్మీ మొట్టమొదటి అణు చైన్ రియాక్షన్ చేసి చూపించాడు. చదువు గెలిచింది అనడానికి ఇంతకంటే నాటకీయమైన సాక్ష్యం కావాలంటే దొరకదు. (అది మంచి గెలుపేనా అన్నది వేరే చర్చ.) 1969లో షికాగోలో టీము మళ్ళీ మొదలైంది, కాని చిన్న స్థాయిలో.

మిగతావాళ్ళు మధ్యేమార్గం వెతికారు. ఆటగాడికి కనీస మార్కులు పెట్టారు. 1986 నుంచి అమల్లోకొచ్చిన నియమం ప్రకారం హైస్కూల్లో ముఖ్యమైన సబ్జెక్టుల్లో 2.0 జీపీఏ, శాట్‌లో 700 ఉండాలి. నియమం వచ్చిందంటే దాన్ని దాటే దారీ వస్తుంది కదా. నార్త్ కరొలైనా యూనివర్సిటీ సంగతి 2014లో బయటపడింది. పద్దెనిమిదేళ్ళపాటు క్లాసులే జరగని కోర్సులు నడిచాయి. ఒక్క పేపర్ రాసి ఇస్తే మంచి గ్రేడు. అలా లాభపడినవాళ్ళు సుమారు 3,100 మంది, వాళ్ళలో దాదాపు సగం మంది ఆటగాళ్ళు.

ఇందులో నన్ను బాగా కదిలించినది ఒక్క మాట చరిత్ర. 'స్టూడెంట్ అథ్లెట్' అన్న మాట వినే ఉంటారు. వినడానికి ఎంత చక్కగా ఉందో! 1950ల్లో ఎన్‌సీఏఏ ఆ మాటని ప్రచారంలోకి తెచ్చింది. ఆటలో దెబ్బ తగిలిన కుర్రాడు తను యూనివర్సిటీ ఉద్యోగినంటూ నష్టపరిహారం అడక్కుండా అడ్డుకోవడానికి ఆ మాట పనికొచ్చింది. అప్పుడు ఎన్‌సీఏఏని నడిపిన వాల్టర్ బయర్సే తరవాత తన పుస్తకంలో ఈ సంగతి ఒప్పుకున్నాడు. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే ఆటగాడు మ్యాచిలో దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య పరిహారం కోసం కోర్టుకెళ్ళింది. 1957లో కొలరాడో సుప్రీం కోర్టు ఆమెకి రాదు పొమ్మంది. కాలేజీ వ్యాపారం ఫుట్‌బాల్ కాదట.

అదే 1957లో హైదరాబాద్ సిటీ పోలీస్ డ్యూరాండ్ కప్ గెలిచింది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వాళ్ళు ఆటగాణ్ణి విద్యార్థి అన్నారు, జీతం ఇవ్వకుండా ఉండటానికి. మనవాళ్ళు ఆటగాణ్ణి పోలీసన్నారు, జీతం ఇవ్వడానికి. రెండూ కొంతవరకు బొంకులే. కాని ఏ బొంకు కింద ఉన్నవాడి ఇంట్లో పొయ్యి వెలిగింది? బలరాం సంగతే తీసుకోండి. కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, ఆఖరికి రైల్వే టీము బీఎన్‌ఆర్‌లో చేరాడు. క్షయ వచ్చి ఇరవయ్యేడేళ్ళకే ఆట మానెయ్యాల్సొచ్చింది. ఇరవయ్యేడు! మనం మొదటి ఆన్‌సైట్‌కి వెళ్ళే వయసు. చేతిలో డిగ్రీ లేనివాడికి అప్పుడు నిలబడటానికి ఉన్నది ఆ ఉద్యోగమే. 2023 ఫిబ్రవరిలో, ఎనభై ఆరేళ్ళ వయసులో, అక్కడే కలకత్తాలో పోయాడు.

ఇంతవరకూ మన పద్ధతే మేలు అన్నట్టు రాశాను కదా. ఇక దాని లోపం.

పోలీసు శాఖ ఆటగాణ్ణి పోషించగలదు. ఆటని నేర్పే విద్యని పోషించలేదు. అది దాని పని కాదు. రహీం సాబ్‌కి తెలిసిందంతా రహీం సాబ్ బుర్రలోనే ఉంది. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేదు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ కాలేదు. ఆయన పోయిన తరవాత ఆయన తయారు చేసినవాళ్ళు ఉన్నన్నాళ్ళు నడిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదే ఆఖరు. హబీబ్, నయీముద్దీన్ లాంటి మేటి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకి వెళ్ళిపోయారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన టీముకి నయీమే కెప్టెన్, హబీబూ ఉన్నాడు. ఇద్దరూ హైదరాబాదీలే, కాని అప్పటికి కలకత్తా ఆటగాళ్ళు. అమెరికా యూనివర్సిటీల్ని ఎంత తిట్టుకున్నా, అక్కడ ఒక కోచ్ పోతే ఇంకో కోచ్ వస్తాడు, మైదానం అక్కడే ఉంటుంది, రికార్డులు ఉంటాయి. పోయినా పోనిది సంస్థ. మనకి ఉస్మానియా ఉంది, 1941 నుంచి అంతర్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్‌కి ఆశుతోష్ ముఖర్జీ ట్రోఫీ ఉంది, కాని మన గొప్ప ఆటంతా యూనివర్సిటీ గోడకి అవతలే జరిగింది. రహీం ఒక్కడే గోడకి అటూ ఇటూ తెలిసినవాడు.

చదువూ ఆటా రెండూ పొసగవు అనేవాళ్ళకి రెండు పేర్లు చెప్తాను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన కెప్టెన్ తాలిమెరెన్ ఆవో నాగా కుర్రాడు, కలకత్తాలో మెడిసిన్ చదువుతూ ఆడాడు. ఆర్సెనల్ వాళ్ళు పిలిచినా చదువు మానలేదంటారు. 1950లో ఎంబీబీఎస్ పూర్తి చేసి, సొంత ప్రాంతానికి వెళ్ళి జీవితమంతా డాక్టరుగా పనిచేశాడు. రెండోది 1962 జకార్తా కెప్టెన్ చునీ గోస్వామి. కలకత్తా యూనివర్సిటీకి ఫుట్‌బాల్ కెప్టెన్, క్రికెట్ కెప్టెన్ కూడా. వీళ్ళిద్దరి కోసం మార్కులు తగ్గించిన దాఖలా నాకెక్కడా కనపళ్ళేదు.

మన దగ్గర 1986లో ఎంసెట్ వచ్చింది. తరవాత కార్పొరేట్ ఇంటర్ కాలేజీలు. నేను చదివిన కాలేజీ పేరు అనవసరం, నాలుగంతస్తుల బిల్డింగు, కింద పార్కింగు. పీఈటీ అనే పోస్టు ఉన్నట్టు టైంటేబుల్లో ఉండేది, ఆ గంట కెమిస్ట్రీ. ఇంజనీరింగ్ సీట్లలో స్పోర్ట్స్ కోటా అర శాతం. దాంతో ఆట అన్నది ఆట కాకుండా సర్టిఫికెట్ అయింది. మీ అబ్బాయికి ఏదైనా స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఉందా, ఏ గేమ్‌లో తేలిగ్గా వస్తుంది అని అడిగేవాళ్ళని నేనే చూశాను. అమెరికావాడు ఆటగాడికి దొంగ మార్కులిచ్చాడు. మనం చదివేవాడికి దొంగ ఆట అంటగట్టాం. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

నేనుండే గగన్‌పహాడ్ నుంచి ఈ కథ మొత్తం ఓ అరగంట, ముప్పావుగంట దూరంలో కనిపిస్తుంది. ఉత్తరానికి వెళ్తే శివరాంపల్లిలో నేషనల్ పోలీస్ అకాడమీ. తూర్పున కొండల అవతల బార్కస్. నిజాం అరబ్బు సైనికుల బారక్స్ కాస్తా బార్కస్ అయింది, జామకాయలకీ ఫుట్‌బాల్‌కీ పేరు. ఔటర్ రింగ్ రోడ్డెక్కి హిమాయత్‌సాగర్ పక్కనుంచి వెళ్తే రాష్ట్ర పోలీసు అకాడమీ. దానికి 1920ల్లో కొత్వాల్‌గా చేసిన వెంకటరామిరెడ్డి పేరు పెట్టారు. (ఆయన పోలీసు, కాని పిల్లల చదువు కోసం 1918లోనే రెడ్డి హాస్టల్ పెట్టించాడు.) ఇంకాస్త వెళ్తే అజీజ్‌నగర్‌లో డెక్కన్ ఎరీనా, శ్రీనిధి డెక్కన్ వాళ్ళ మైదానం. స్కూళ్ళూ ఇంజనీరింగ్ కాలేజీ నడిపే సంస్థ వాళ్ళే పెట్టిన ఫుట్‌బాల్ క్లబ్ ఇది. 2021-22లో ఐ-లీగ్‌లోకి వచ్చి, 2022-23లో, 2023-24లో వరుసగా రెండోస్థానం. చదువుల సంస్థ ఒకటి ఫుట్‌బాల్ టీముని సొంతంగా నడపడం మన దగ్గర అరుదు. ఆ క్లబ్బుకీ ఆ తరగతి గదులకీ మధ్య దారి పడుతుందా అన్నదే నేను చూస్తున్నది. హకీంపేటలో 1993లో పెట్టిన ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూల్ ఉంది, అక్కడ బడీ ఆటా ఒకే ప్రాంగణంలో నేర్పుతారు. టెన్త్, ఇంటర్ దాటాక ఆ పిల్లలు ఎక్కడికెళ్ళాలి అన్నదగ్గరే మళ్ళీ మొదటికొస్తాం. 2025 డిసెంబరులో మెస్సీ వచ్చి ఉప్పల్లో బంతి తంతే స్టేడియం నిండింది. నిండనివ్వండి, మంచిదే.

సిరాజ్ విషయానికొస్తే, నాకు అభ్యంతరం లేదు. గెలిచాక ఇచ్చిన ఉద్యోగం అది. రహీం కాలంలో గెలవక ముందే ఇచ్చేవారు, ఆ తేడా మాత్రం ఉంది. అమ్ముగూడ కుర్రాడికి సైకిలు అద్దె అవసరమైంది మెల్‌బోర్న్ తరవాత కాదు.

మార్కులు తగ్గించమని నేననను. అమెరికావాళ్ళ దగ్గర ఎరువు తెచ్చుకోదగ్గది ఒకటుంది, రెడ్‌షర్ట్ అంటారు. ఒక ఏడాది మ్యాచిలు ఆడకుండా చదువూ ప్రాక్టీసూ చేసుకుంటాడు, నాలుగు సీజన్ల ఆటని ఐదేళ్ళ చదువులో సర్దుతారు. పరీక్ష అదే, పాస్ మార్కు అదే, గడువే వేరు. మన దగ్గర టోర్నమెంటుకి నెల్లాళ్ళు వెళ్ళొచ్చిన కుర్రాడికి ఎదురయ్యేది 75 శాతం అటెండెన్సు. అరవై ఐదు దాకా అయితే ఫీజు కట్టి కండోనేషన్, అంతకంటే తగ్గితే డిటెన్షన్. బీటెక్ ఐదేళ్ళలో, ఆరేళ్ళలో పూర్తి చేసినవాళ్ళు మన టీముల్లో ఎంతమంది లేరు చెప్పండి? బ్యాక్‌లాగులతో ఐదేళ్ళు పడితే ఒప్పుకునే చదువు, బంతి ఆడుతూ ఐదేళ్ళు తీసుకుంటానంటే మాత్రం రూల్సు చూపిస్తుంది.